రంగం పెట్టెలో రెండు రూపాయలు: నాణెం మీది తేదీ చెప్పే మాట ఎంత, చెప్పని మాట ఎంత

ఈ కేసులో రెండు నాణేలున్నాయి. ఒకదాన్ని ఇంటివారు తప్పుగా చదివారు, రెండోదాన్ని నేను తప్పుగా చదివాను. రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే కనుక దీన్ని రాసిపెడుతున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. నాణేల వివరాలు మాత్రం నేను చూసినవి చూసినట్టే ఉన్నాయి.

నేపథ్యం

నేను ఉండేది విజయనగరంలో. పర్షియన్ అక్షరాలున్న నాణేలను, అంటే మొఘలులవి, గోల్కొండవి, ఈస్టిండియా కంపెనీవారు మొఘల్ చక్రవర్తుల పేరుతో కొట్టించినవి, చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎవరింట్లోనైనా పాత నాణేలు బయటపడితే తెలిసినవారి ద్వారా కబురు వస్తుంది. అలా వెళ్ళిన ఇళ్ళలో నాకు తరచుగా వినిపించే మాట ‘రంగం’. రంగూన్‌ను మన పెద్దలు అలాగే పిలిచేవారు. ఈ తీరం నుంచి తరతరాలుగా ఓడలెక్కి బర్మా వెళ్ళారు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు, సంపాదించింది ఇంటికి పంపారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక అడవులూ కొండలూ దాటుకుంటూ నడిచి వచ్చేశారు. అలా వచ్చినవారి చేతుల్లో మిగిలిన కొద్దిపాటి వస్తువులే ఇప్పటికీ ఇళ్ళలో ‘రంగం పెట్టెలు’గా ఉన్నాయి.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి ఊళ్ళో ఒక ఇంట్లో అలాంటి రేకుపెట్టె ఉంది. ఇంటి పెద్ద ఎనభై దాటిన మామ్మగారు. పెట్టె ఆవిడ మామగారిది. ఆవిడకు ముగ్గురు కొడుకులు. పెట్టెలో పదకొండు నాణేలు. ఎక్కువ భాగం అయిదో జార్జి, ఆరో జార్జి రూపాయలు, అణాలు. వాటిలో ఎవరికీ సందేహం లేదు. 1808 నాటి ఇరవై కాసుల రాగి నాణెం ఒకటి ఉంది. ఒకవైపు కంపెనీ ముద్ర, రెండోవైపు ‘ఇరవై కాసులు నాలుగు ఫలూసులు’ అని పర్షియన్‌లో. ఇంగ్లండులో యంత్రాల మీద కొట్టించి మద్రాసు ప్రెసిడెన్సీకి పంపినవి అవి. వాటితో బయలుదేరిన ఒక ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే మునిగిపోయింది. ఆ నాణెం తన సంవత్సరాన్ని తానే నిజాయితీగా చెబుతుంది. మిగిలిన రెండే చిక్కు తెచ్చాయి.

వచ్చిన సమస్య

మొదటిది వెండి రూపాయి పరిమాణంలో ఉన్న నాణెం. ఒకవైపు పురివిప్పిన నెమలి, రెండోవైపు పూలతీగల చుట్టులో గుండ్రటి అక్షరాలు. రెండోది పర్షియన్ అక్షరాల వెండి రూపాయి. దానికి పైన కొక్కెం అతికి ఉంది. మామ్మగారి తల్లి మెడలో వేసుకునేదట.

ఊళ్ళో శాసనాలు చదవడం మీద ఇష్టమున్న ఒక పెద్దాయన నెమలి నాణెం చూసి, అక్షరాలు పాత తెలుగులా ఉన్నాయని, అంకెలు 1214 అని చెప్పారు. శకవర్షం 1214 అంటే 78 కలిపితే క్రీ.శ. 1292. అంటే కళింగను ఏలిన గంగరాజుల కాలం. ముఖలింగం, ఒకప్పటి కళింగనగరం, ఈ జిల్లాలోదే. ఇంకేం, గంగరాజు నాణెం మన ఇంట్లో ఉందన్న మాట ఊరంతా పాకింది. రెండో కొడుకు ఒప్పుకోలేదు. ఇంట్లో పాత పొలం కాగితాల మీద అంతా ఫసలీ సంవత్సరాలే, అంటే శిస్తు లెక్కల సంవత్సరాలే, కనుక ఇదీ ఫసలీయే అన్నాడు. ఫసలీకి 590 కలిపితే 1804. ఈలోగా కొనేవాడొకడు వచ్చి, గంగరాజుదైతే ఎంతైనా ఇస్తానని ఆశపెట్టి వెళ్ళాడు. అప్పటిదాకా పెట్టెలో పడి ఉన్న నాణెం పంపకాల్లో మాటామాటా పెరగడానికి కారణమైంది.

పెద్దకొడుకు ఫోను చేసి అడిగింది ఒక్కటే: “మాస్టారూ, ఏ రాజుదో, ఏ సంవత్సరమో మీరు కాగితం మీద రాసి ఇస్తే ముగ్గురం దానికి కట్టుబడతాం.”

మొదట చేసినది, అందులో తప్పినది

ముందు ఫోటోలు పంపమన్నాను. బస్సు ఎక్కి అంతదూరం వెళ్ళే ముందు చూడదగిన వస్తువా కాదా తెలుసుకోవడం నా అలవాటు. నెమలి నాణెం ఫోటోలో వెండి మెరుపు తప్ప అక్షరం కనబడలేదు. కొక్కెం రూపాయి మాత్రం చక్కగా వచ్చింది. నాకు అలవాటైన రాత. ‘ఆలంగీర్ బాద్‌షా ఘాజీ’, సంవత్సరం 1172. వెనుకవైపు ‘జర్బ్ ఆర్కాట్’ (ఆర్కాటులో కొట్టింది అని), జులూసు 6 (చక్రవర్తి ఏలుబడిలో ఆరో సంవత్సరం), చిన్న తామరపువ్వు గుర్తు. మొఘల్ చక్రవర్తి రెండో ఆలంగీర్ 1754లో గద్దెనెక్కాడు, 1759 నవంబరులో హత్యకు గురయ్యాడు. ముస్లిం పంచాంగమైన హిజ్రీలో 1172 అంటే 1758 సెప్టెంబరు నుంచి 1759 ఆగస్టు వరకు. ఆరో ఏలుబడి సంవత్సరం దానికి సరిగ్గా సరిపోయింది. అన్నీ ఒకదానికొకటి అతికినట్టు కుదిరేసరికి ఫోనులోనే చెప్పేశాను: “ఇది 1758-59లో కొట్టింది బాబూ.”

ఫోటోలో నాణెం చుట్టూ చక్కని గుండ్రంగా ఉంది. చేత్తో సమ్మెట వేసి కొట్టిన రూపాయి అంత గుండ్రంగా ఉండదు. అది నా కంటికి ఆనింది కూడా. కానీ నగలో వేసిన నాణెం కదా, కంసాలి అంచు అరగదీసి ఉంటాడని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. చదివినదంతా కుదిరాక కుదరని ఒక్కదానికి సాకు వెతికాను. ఆ రోజు నేను తీసుకున్న నిర్ణయాల్లో అదే అసలు తప్పు.

వారం తరువాత వెళ్ళాను. నేను వస్తున్నానని కోడలు నెమలి నాణేన్ని చింతపండుతో తోమడం మొదలుపెట్టింది. సగం నెమలి తెల్లగా మెరుస్తోంది, సగం నల్లగా ఉంది. అక్కడితో ఆపమన్నాను. తోమితే శుభ్రమవుతుంది కదా అని ఆ అమ్మాయి అడిగింది. రెండు సగాలనూ కిటికీ దగ్గర పట్టి చూపించాను. నల్లగా ఉన్నవైపు నెమలి ఈకల మధ్య పల్లాల్లో మసి నిలిచి, ప్రతి కన్నూ గీత గీసినట్టు తెలుస్తోంది. తోమినవైపు మెట్టకీ పల్లానికీ తేడా లేక ఒట్టి తెల్లదనమే ఉంది. ఆ మసే చదివేవాడికి సిరా. తోమింది మళ్ళీ రాదు.

తరువాత తూకం. పక్క ఊరి నగల దుకాణంలో సన్నపు త్రాసు ఉంటే ముగ్గురు కొడుకులనూ తీసుకుని అక్కడికే వెళ్ళాం. కొక్కెం రూపాయి తూకం ఎందుకూ పనికిరాలేదు, అతుకు వెండి కూడా అందులో కలిసిపోతుంది. కొక్కెం తీసేసి తూస్తామని దుకాణదారు అన్నాడు. వద్దన్నాను. తూకం తెలిసినంత మాత్రాన నాకు కొత్తగా తేలేది కొంచెమే, వేడిపెడితే నాణేనికి జరిగే నష్టం ఎక్కువ. పైగా ఆ కొక్కెం కూడా ఈ నాణెం చరిత్రలో భాగమే. నెమలి నాణెం 11.5 గ్రాములు తూగింది. ఆ అంకె చూడగానే నాకు అనుమానం మొదలైంది. బ్రిటిష్ ఇండియా రూపాయి తూకం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. వాడకంలో కొంత అరిగితే 11.5 వస్తుంది.

పెద్దాయనను కూడా రమ్మని కబురు పెట్టాం. ఇద్దరం అక్షరాలతో రెండు గంటలు కుస్తీపట్టాం. ఆయన అక్షరానికి అక్షరం తెలుగుతో పోల్చారు. కొన్ని నిజంగానే పోలి ఉన్నాయి, వరుసగా చదివితే మాత్రం మాట రాలేదు. ఆయన లెక్కను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఈ గడ్డ మీద శాసనాల్లో శకవర్షమే వాడుక. గుండ్రటి లిపి, నాలుగంకెల సంవత్సరం చూసిన మనిషి అటు వెళ్ళడం సహజం.

లిపిని పక్కనపెట్టి లోహాన్ని అడగడం

అక్షరాలు కదలకపోయేసరికి దారి మార్చాను. ఈ వస్తువు ఏ కాలపు చేతుల్లో తయారై ఉండవచ్చు? ముందు అది తేల్చుకుంటే, ఆ కాలానికి సరిపోని సంవత్సరాలు వాటంతటవే రాలిపోతాయి.

గంగరాజుల నాణేలు నేను చూశాను. అవి చిన్న బంగారు రూకలు, అర గ్రాముకు అటూ ఇటూ తూగుతాయి, వేలి గోటి మీద నిలుస్తాయి. ఒకవైపు పడుకున్న నంది. రెండోవైపు అంకుశం, ‘స’ అక్షరం, దాని కింద అంకె. ఆ అంకె శకవర్షం కాదు, రాజు ఏలుబడి సంవత్సరం, అది కూడా ‘అంక’ లెక్కలో. ఒకటిని, ఆరుతో అంతమయ్యేవాటిని, పది తప్ప సున్నతో అంతమయ్యేవాటిని వదిలేసి లెక్కించే పద్ధతి అది. అంతటి నాణెం మీద 1214 అన్న సంఖ్యకు చోటే లేదు. రూపాయి అంత వెండి బిళ్ళను గంగరాజుల ఖాతాలో వేయడానికి ఏ ఆధారమూ కనబడలేదు.

ఇక అంచు. భూతద్దం పెట్టి చుట్టూ తిప్పి చూశాను. సమానమైన ఎడంతో గాట్లు, ఎక్కడా తప్పలేదు. అది యంత్రం పని. పోతపోసిన నకలు అయితే అంచు మీద రెండు సగాలు కలిసిన గీత, ముఖం మీద సన్నని గుంటలు కనిపించాలి, అవి లేవు. నాణెం అసలైనదే, కాకపోతే యంత్రం మీద తయారైంది. శకవర్షం 1214 అక్కడితో పోయింది.

మిగిలిన లెక్కలు కాగితం మీద వేశాను. హిజ్రీ 1214 అయితే 1799-1800. ఫసలీ అయితే 1804. బెంగాలీ సంవత్సరమైతే 593 కలిపి 1807. ఏ ఒక్కటీ నెమలితో, ఆ లిపితో కలవలేదు. అప్పుడు అడగాల్సిన మనిషిని ఇంతసేపూ అడగలేదని తోచింది. అరుగు మీద కూర్చున్న మామ్మగారి దగ్గరకు వెళ్ళాను.

“మామ్మగారూ, మీ మామగారు దీన్ని ఏమనేవారు?”

“నెమలి డింగా అనేవారు నాయనా. పిల్లలు ఏడిస్తే డింగా చూపిస్తాను రమ్మని పెట్టె దగ్గరకు తీసుకెళ్ళేవారు. డింగా అంటే ఏముంది, పిల్లల్ని మరిపించే మాట.”

అది పిల్లల్ని మరిపించే మాట కాదు. బర్మా భాషలో డింగా అంటే నాణెం. ఆ మాట ఆ ఇంట్లో ఎనభై ఏళ్ళుగా ఉంది. అర్థం మరిచిపోయారు, మాట మాత్రం నిలిచింది. బర్మా లిపీ మన లిపీ ఒకే దక్షిణాది మూలం నుంచి పుట్టి గుండ్రం తిరిగినవి. అందుకే పెద్దాయన కంటికి అవి పాత తెలుగులా కనిపించాయి, అంకెలను ఆయన సరిగానే చదివారు కూడా. తప్పింది కలపాల్సిన సంఖ్య మాత్రమే. బర్మా సంవత్సరానికి 638 కలపాలి. 1214కు 638 కలిపితే 1852. ఆ సంవత్సరం 1852 ఏప్రిల్‌లో మొదలై 1853 ఏప్రిల్‌తో ముగుస్తుంది. 1853 ఫిబ్రవరిలో మిండాన్ రాజు సింహాసనమెక్కాడు. నెమలి ఆ రాజవంశపు గుర్తు. తూకాన్ని బ్రిటిష్ రూపాయికి సరిపోల్చి కొట్టించిన మిండాన్ నెమలి క్యాట్ అది. క్యాట్ అంటే బర్మా రూపాయి అనుకోవచ్చు.

ముగ్గురు కొడుకుల ముఖాలూ తేలికపడ్డాయి. అయితే 1852 అని రాసేయండి అన్నారు. కలం తీశాను కానీ రాయలేకపోయాను. మిండాన్‌కు ముందు బర్మాలో వెండిని ముక్కలుగా తూచి చెల్లించేవారు, క్యాట్ అన్నది మొదట తూకం పేరే. మిండాన్ రాజధాని మాండలేలో యంత్రాలతో టంకశాల (నాణేలు కొట్టే చోటు) నిలిచింది 1865లో. మరి ఈ గాట్లు 1852లో ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. మిండాన్ తాను గద్దెనెక్కిన సంవత్సరాన్ని నాణేల మీద వేయించాడు, ఆ తరువాత ఏటేటా అదే అంకెతో కొట్టించాడు. 1214 అన్నది ‘మా రాజ్యం ఇక్కడ మొదలైంది’ అని రాజు చెప్పే మాట. నాణెం పుట్టిన రోజు కాదు.

నా తప్పు బయటపడిన చోటు

ఈ మాట వాళ్ళకు వివరిస్తూనే పక్కనున్న కొక్కెం రూపాయి వైపు చూశాను. నెమలి నాణేన్ని అడిగిన ప్రశ్న దాన్ని నేను అడగనేలేదు. నాకు బాగా తెలిసిన లిపి కావడం వల్ల చదవడంతోనే ఆగిపోయాను.

కొక్కెం అతుకు అంచులో వేలెడు మేర కప్పేసింది. మిగతా అంచును వెలుతురుకు పట్టాను. కంసాలి అరగదీయలేదు. సన్నగా, వాలుగా, ఒకే ఎడంతో గాట్లు. మెడలో ఒరిపిడికి కొన్నిచోట్ల దాదాపు అరిగిపోయినా అతుకు పక్కన, గుడ్డ తగలని చోట, నిన్న పెట్టినట్టు పదునుగా ఉన్నాయి. మద్రాసు టంకశాలలో కంపెనీవారు యంత్రాల మీద రూపాయలు కొట్టడం 1807లో మొదలైంది. అప్పుడు కూడా నాణెం మీద రెండో ఆలంగీర్ పేరు, 1172, ఆరో జులూసు అలాగే ఉంచారు. అప్పటికి ఆ చక్రవర్తి చనిపోయి నలభై ఏడేళ్ళు దాటింది. ఊరి పేరు కూడా నిజం కాదు. ఆర్కాటు రూపాయిని మద్రాసులో కొట్టుకునే హక్కును కంపెనీ 1742లోనే నవాబు దగ్గర సంపాదించింది. తామరపువ్వు మద్రాసు గుర్తు, పుదుచ్చేరి ఫ్రెంచివారి ఆర్కాటు రూపాయి మీద నెలవంక ఉంటుంది. అయితే చేత్తో కొట్టిన పాత మద్రాసు రూపాయి మీద కూడా అదే తామర ఉంది కనుక ఆ గుర్తు చోటు చెబుతుంది తప్ప కాలం చెప్పదు. కాలం చెప్పింది అంచు ఒక్కటే.

పాత తేదీనే ఎందుకు పట్టుకు వేలాడారని చిన్నకొడుకు అడిగాడు. మంచి ప్రశ్న. ఆ రోజుల్లో నాణెం విలువ తేల్చేది షరాబు, అంటే నాణేలు పరీక్షించి మార్చే వ్యాపారి. బెంగాల్‌లో ఆ ఏడు కొట్టిన కొత్త రూపాయికి, అంటే సిక్కాకు, పూర్తి విలువ. ఏడాది తిరిగితే వట్టం పేరుతో కోత, మూడో ఏడు ఇంకా ఎక్కువ కోత. వెండి అదే, తూకం అదే, మీది సంవత్సరం పాతబడినందుకు కోత. దాన్ని అరికట్టడానికి కంపెనీ 1793లో బెంగాల్ రూపాయి మీద మొఘల్ చక్రవర్తి షా ఆలం పందొమ్మిదో జులూసును శాశ్వతం చేసింది. తేదీ మారకపోతే కోతకు సాకుండదు. జనానికి నమ్మకం కుదిరిన ముద్రను కదపకూడదన్న జాగ్రత్త కూడా ఉంది. 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చేదాకా ఇదే నడిచింది. కాబట్టి మామ్మగారి తల్లి మెడలోని రూపాయి 1807 తరువాతది, ఆ కొత్త రూపాయికి ముందుది. అంతకన్నా బిగించి చెప్పడానికి, కొక్కెం తీయకుండా, నా దగ్గర ఆధారం లేదు.

ఫోనులో నేను చెప్పిన 1758-59ని పెద్దకొడుకు అప్పటికే కొనేవాడికి చెప్పేశాడు. దిద్దుబాటును ఒక్కడికే చెప్పి సరిపెట్టకూడదనుకున్నాను. ముగ్గురినీ మామ్మగారి ముందు కూర్చోబెట్టి, ఫోటో చూసి చెప్పింది తప్పని, ఎందుకు తప్పిందో అంచు చూపించి చెప్పాను. ఆ సాయంత్రమే కొనేవాడికి కూడా ఫోను చేయించాను. ఇంటిపట్టున తరాలుగా ఉన్న నాణేన్ని ఉంచుకోవచ్చు. భూమిలో దొరికింది మాత్రం 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. గంగరాజు నాణెం అన్న పుకారు అలాగే ఉండిపోతే ఎవరో ఒకరు దాన్ని పొలంలో దొరికిందనేవారు. అందుకే ఇది రంగం నుంచి వచ్చిందన్న మాటను కాగితంలో ముందు రాశాను.

ఇప్పుడు నేను చేసే పని

ఫోటో మీద తేదీ చెప్పడం మానేశాను. ముఖాలు రెండూ పంపేవారిని అంచు ఫోటో కూడా అడుగుతున్నాను. వచ్చినా ‘నాణెం మీద ఉన్న సంవత్సరం ఇది’ అని మాత్రమే అంటాను, ‘కొట్టిన సంవత్సరం’ అనను. నా నోటుపుస్తకంలో ఈ రెండింటికీ వేరువేరు గడులు గీసుకున్నాను. రెండో గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటోంది, ఉండనిస్తున్నాను. తెలిసిన లిపి కనబడితే ఇంకా జాగ్రత్తపడుతున్నాను. ఎందుకంటే తెలియని లిపి మనల్ని ఆపి అంచూ తూకమూ చూసేలా చేస్తుంది, తెలిసినది ఆపదు. ఇంటి పెద్దలతో మాటలు మాత్రం ఇప్పుడు ముందే మొదలుపెడుతున్నాను. వస్తువును ఏమని పిలిచేవారు, ఏ గుడ్డలో కట్టేవారు, పెట్టెలో దాని పక్కన ఏముండేది, ఇవన్నీ అడిగి రాసుకుంటున్నాను.

ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ బాధ ఉంది. తోమడం ఆపమని నేను ముందురోజు ఫోనులోనే చెప్పి ఉంటే నెమలి రెండో సగం కూడా దక్కేది.

కాగితం మీద చివరికి రాసింది ఇది: “నెమలి నాణెం: బర్మా, మిండాన్ రాజు, ఒక క్యాట్. నాణెం మీది సంవత్సరం 1214 (క్రీ.శ. 1852-53). కొట్టినది 1865లో గానీ ఆ తరువాత గానీ. కొక్కెం రూపాయి: ఆర్కాటు రూపాయి, మద్రాసు టంకశాల. నాణెం మీది సంవత్సరం హిజ్రీ 1172. కొట్టినది 1807కూ 1835కూ మధ్య.” ధర రాయమన్నారు, రాయలేదు. రెండూ అరుదైనవి కావని మాత్రం నోటితో చెప్పాను. కొనేవాడు మళ్ళీ రాలేదు. పంపకాల్లో జార్జి రూపాయలు మూడు వాటాలయ్యాయి. కొక్కెం రూపాయిని మామ్మగారు మనవరాలికి ఇచ్చారు. నెమలి డింగా పెట్టెలోనే ఉంది.

నేను బస్సుకు బయలుదేరే ముందు పెద్దాయన తన నోటుపుస్తకం తెచ్చి నా పక్కన కూర్చున్నారు. తెలుగు అంకెలు పదింటినీ ఒక వరుసలో రాసి, కింద బర్మా అంకెలు రాయమన్నారు. నాకు వచ్చినంతవరకు రాశాను. ఒకటి దగ్గర, నాలుగు దగ్గర ఆయన వేలు చాలాసేపు ఆగింది.